సైలో బొమ్మ రంగు తీసిన రోజు

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం నందిగామ బస్టాండు వెనక పాత సామాన్ల కొట్టు ముందు నుంచి నడిచి వస్తుంటే, పగిలిన మిక్సీ జార్ల మధ్య నుంచి ఒక చిన్న లారీ నన్ను చూసింది. జానెడు పొడవు, అడుగున బరువైన పోత లోహం, పైన ప్లాస్టిక్కు క్యాబిను. ఎవరో పుణ్యాత్ముడు ఇంటి గేటుకు వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ ఎనామిల్ రంగును మూడు పూతలు పూసి, దాని తలుపులకీ కిటికీలకీ తేడా లేకుండా చేశాడు. ఇలాంటివి కొనేటప్పుడు ఇప్పుడెందుకు ఇవన్నీ అని అడిగేవాళ్లు నాకు లేరు. ఆ సౌకర్యం మూడేళ్ల కిందట మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి వచ్చింది, వద్దన్నా వచ్చింది. పిల్లలు లేరు గనక అది ఇక తిరిగి పోయే సౌకర్యం కూడా కాదు.

లారీని ఇంటికి తెచ్చి, వరండాలో పాత పేపరు పరిచి, అడుగున ఉన్న రెండు స్క్రూలు విప్పి, లోహాన్ని ఒక పక్కకీ ప్లాస్టిక్కును ఒక పక్కకీ పెట్టాను. బొమ్మల మీద రంగు తియ్యడంలో మొదటి పాఠం అదే. రెండింటినీ కలిపి ఒకే గిన్నెలో ముంచినవాడు తర్వాత రెండింటి కోసమూ కలిపి ఏడుస్తాడు. ఈ విషయంలో నా మాట మీరు నమ్మవచ్చు, ఎందుకంటే ఇప్పటిదాకా నేను వెయ్యి బొమ్మలకైనా రంగు తీసి ఉంటాను. వెయ్యి కాదులెండి, నాలుగు వందలు. సరే, ఈ వాక్యం రాసి ఆగి, వేళ్లు ముడుచుకుంటూ గుర్తు చేసుకుంటే నలభై రెండు తేలాయి. అందులోనూ ఒక ఆరు నేను తీసినవి కావు, పక్కన కూర్చుని చూసినవి.

మన వయసు వాళ్లకు ఈ పని కొత్తగా అనిపించవచ్చు గానీ మన చిన్నప్పుడు రంగు పోయిన బొమ్మకు రంగు వెయ్యడం ఎవరైనా చేసేవాళ్లు. ఉన్న రంగు తియ్యడమే ఎవరికీ తోచేది కాదు. మీద మీద పూసుకుంటూ పోతే బొమ్మ ముక్కూ మొహమూ పూడుకుపోతాయి. తియ్యాలి. ఇత్తడీ ఇనుమూ అయితే బాధ లేదు, వేడినీళ్లలో కాస్టిక్ సోడా కలిపి ముంచితే ఒక పూటకల్లా రంగు మీగడలా లేచి వస్తుంది. అల్యూమినియానికీ, ఈ లారీ అడుగులాంటి పోత లోహానికీ మాత్రం ఆ నీళ్లు తగలకూడదు. ఈ సంగతి పుస్తకాలు చదివి తెలుసుకున్నానని చాలామందికి చెప్పాను. నిజానికి అది పెళ్లయిన కొత్తలో, మా ఆవిడ పాలు కాచే అల్యూమినియం గిన్నెలో కాస్టిక్ కలిపినప్పుడు తెలిసింది. గిన్నె బుసబుసా పొంగి, నల్లబడి, అడుగు చిల్లు పడింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. వారం రోజులపాటు ఏమీ అనలేదు.

ప్లాస్టిక్కు అంత మొండిది కాదు. రంగును కరిగించేవి చాలావరకు దాన్నీ కరిగిస్తాయి. రంగును పల్చన చేసే తిన్నరు తగిలిందంటే ముందు మెరుస్తుంది, తర్వాత జిగురవుతుంది, ఆ తర్వాత మనం పట్టుకున్న చోట మన వేలిముద్ర దిగిపోతుంది. అందుకని దానికి బ్రేక్ ఆయిలు, లారీలకూ బస్సులకూ బ్రేకుల్లో పోసేదే. వెడల్పు మూతి సీసాలో పోసి, బొమ్మను ముంచి, మూత పెట్టి ఒక రోజు, మొండి రంగైతే రెండు రోజులు ఆగాలి. ఆగడమే అందులో విద్యంతా. తర్వాత చేతికి తొడుగు వేసుకుని, అరిగిన పళ్ల బ్రష్షుతో మెల్లిగా రుద్ది, సబ్బు నీళ్లతో కడిగితే, రంగంతా నానిన తొక్కలా ఊడిపోయి, ప్లాస్టిక్కు అచ్చులోంచి వచ్చినప్పటి ఒంటితో బయటపడుతుంది.

ఈ బ్రేక్ ఆయిలు పద్ధతి కనిపెట్టింది నేనేనని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. కోర్టు దగ్గర టీ కొట్లో ప్లీడరు గుమాస్తాలకు చెప్పాను, విజయవాడ బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పాను, మా ఆవిడకు పళ్లు పీకిన డాక్టరుగారికి కూడా ఆయన పని ఆపించి మరీ చెప్పాను. ఆ మధ్యాహ్నం వరండాలో సీసా మూత తియ్యగానే అలవాటు కొద్దీ ఆ మాట నోటిదాకా వచ్చింది. చుట్టూ చూస్తే వినేవాళ్లెవరూ లేరు. నాకు నేనే చెప్పుకుందామనుకుంటే, నాకు అసలు సంగతి తెలుసాయె. అలా సీసా చేత్తో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, క్యాబిను ముంచనే లేదు.

కనిపెట్టింది మా బావ.

మా అక్క మొగుడు. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మేమిద్దరం పనిచేసేవాళ్లం. నేను డ్రాయింగు ఆఫీసులో ట్రేసరును, అంటే ఇంజినీర్లు గీసిన పటాల మీద పల్చటి కాగితం పెట్టి మళ్లీ గీసేవాణ్ణి. చీఫ్ డిజైనరునని నందిగామలో కొందరు అనుకుంటున్నారు. వాళ్లు అలా అనుకోవడానికి కారణం నేనే. బావ గ్యారేజీలో పెయింటరు. లారీల మీద నంబర్లు, తలుపుల మీద కంపెనీ పేరు, వెనక హారన్ కొట్టమని రాసే అక్షరాలు అన్నీ ఆయన చేతివే. స్కేలు పెట్టకుండా ఆయన గీత గీస్తే, స్కేలు పెట్టి సరిచూసుకునేవాణ్ణి నేను. ఖాళీ రోజుల్లో రేకు కత్తిరించి చిన్న చిన్న బస్సులు చేసేవాడు. పేట బస్టాండు మొత్తాన్ని ఒక బల్ల మీద పట్టేంత చిన్నదిగా, టీ స్టాలుతో సహా కట్టాలని ఆయన కోరిక. బస్సులు ఆయన చేస్తాడు, బిల్డింగు నేను చెయ్యాలి. ఆరు బస్సులు చేశాడు, ఒక్కొక్కటీ అరచేతిలో ఇమిడేది. నా బిల్డింగు పటం దాటలేదు.

ఆయన గ్యారేజీలో ఒక రోజు ఏం చూశాడంటే, మెకానికు చేతిలోంచి బ్రేక్ ఆయిలు ఒలికి లారీ బానెట్టు మీద పడితే, పడినంత మేరా రంగు ముడతలు పడి లేచిపోయింది. అది అందరూ చూసేదే, అందరూ మెకానికును తిట్టేదే. బావ మాత్రం అదే ఆయిలు నిలవుండే డబ్బా వైపు చూశాడు. డబ్బా ప్లాస్టిక్కుది, చెక్కు చెదరలేదు. రంగును తిని డబ్బాను తినని నూనె ప్లాస్టిక్కు బొమ్మనెందుకు తింటుంది, అని ఆ సాయంత్రం మా అక్క పోసిన కాఫీ చల్లారబెట్టుకుంటూ నాతో అన్నాడు. నేను అది జరగని పనన్నాను. నేనన్నది అదీ, ముప్పై ఏళ్లుగా చెప్పుకున్నది ఇదీ.

మా ఫ్యాక్టరీ ఆఫీసు ముందు హాల్లో, అద్దాల పెట్టెలో, ఫ్యాక్టరీ నమూనా ఒకటి ఉండేది. రెండు నవారు మంచాలంత బల్ల మీద గనీ, క్రషరూ, కొలిమీ, పొగ గొట్టమూ, స్పాంజి ముక్కలతో చెట్లూ, అగ్గిపెట్టెలో సగమంత లారీలూ. ఇత్తడి తీగతో చేసిన మెట్ల వరస మీద ఈగ వాలితే మనిషి ఎక్కుతున్నట్టుండేది. చివర, సిమెంటు నిలవ చేసే గుండ్రటి ఎత్తయిన గాదెలు నాలుగు, సైలోలంటారు, అవి ప్లాస్టిక్కువి, ఒక్కొక్కటీ పెద్ద టీ గ్లాసంత. ఫ్యాక్టరీ చేతులు మారి కొత్త యాజమాన్యం వచ్చినప్పుడు కంపెనీ రంగు కూడా మారింది. అసలు ఫ్యాక్టరీకి రంగు మార్చాలంటే నెలలు పడుతుంది, వాళ్లేమో ఆ వారంలోనే చూడ్డానికి వస్తున్నారు. కనీసం నమూనాకైనా కొత్త రంగు ఉండాలని మేనేజరుగారు బావనూ నన్నూ పిలిచి చెప్పారు.

ఆ నాలుగు రోజులూ నా జీవితంలో మంచి రోజులు. ఈ మాటలో ఎక్కువ చేసింది ఏమీ లేదు. గ్యారేజీ పక్క గదిలో ఇద్దరమే, తలుపు వేసుకుని, లోహపు సామాన్లన్నీ తిన్నరుతో నేను తుడుస్తుంటే ప్లాస్టిక్కు సామాన్లు బావ చూసుకునేవాడు. ఆయన తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే గుచ్చుతుంది.

“బామ్మర్దీ, నువ్వు రుద్దే దాంట్లో సగం నీ నోటితో రుద్దినా పోయేదిరా ఆ రంగు,” అనేవాడు.

స్టోర్సు వాళ్లు ఒక్క సీసా బ్రేక్ ఆయిలే ఇచ్చారు. దాంట్లో ఒక సైలోయే మునుగుతుంది. అందుకని ఒకదాని తర్వాత ఒకటి. మూడు సైలోలు మూడు రోజులు తిన్నాయి. నాలుగోది మిగిలింది, మర్నాడు పొద్దున్నే యాజమాన్యం వాళ్లు దిగుతున్నారు. ఆ రోజు బావ జ్వరంతో వచ్చాడు, ముక్కు దిబ్బడ వేసి కళ్లు ఎర్రగా ఉన్నాయి. గోధుమ రంగు మందు సీసాలు రెండు, ఒకే సైజువి, ఒకదాంట్లో ఆయిలూ ఒకదాంట్లో తిన్నరూ నింపి తెచ్చి, ఆయిలు రేకు పళ్లెంలో పోసి, సైలోను అందులో పడుకోబెట్టాడు. సాయంత్రానికి వచ్చేస్తుంది, ముట్టుకోకు, అని చెప్పి మధ్యాహ్నం మాత్ర వేసుకోవడానికి ఇంటికెళ్లాడు.

నేను ఒక గంట ముట్టుకోలేదు. తర్వాత బ్రష్షుతో గీకి చూశాను, రంగు కదల్లేదు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, ఆలోచన అంటే అది మంచి మాట, చెడ్డ సరదా అనాలి. బావ వచ్చేసరికి సైలో తెల్లగా శుభ్రంగా బల్ల మీద నిలబడి ఉండాలి, ఎలా తీశావురా అని ఆయన అడగాలి. మూడు రోజులు పట్టిన పనిని నేను మూడు నిమిషాల్లో చేశానని ఆయన నోటితో అనిపించుకోవాలి. తిన్నరు ప్లాస్టిక్కుకు పడదని నాకు తెలుసు. ఒక్క క్షణం ముంచి తీస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. పళ్లెంలో ఆయిలును జాగ్రత్తగా దాని సీసాలోకి తిరిగి వొంచి, తిన్నరు పోసి, సైలోను దొర్లించాను.

రంగు వెంటనే కరిగింది. నాకు నవ్వొచ్చింది కూడా. ఇంకో పక్కకు దొర్లిద్దామని పట్టుకుంటే సైలో భుజం లోపలికి దిగింది. తియ్యబోతే ఒక పక్కకు వాలింది, ఎండకు పెట్టిన కొవ్వొత్తిలా. దాన్ని పళ్లెంలోనే వదిలేసి, చేతులు కడుక్కుని, క్యాంటీనుకు పోయాను. పారిపోలేదు, బావ కోసం టీ తెద్దామని వెళ్లాను అని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. పారిపోయాను.

టీ గ్లాసుతో తిరిగి వచ్చేసరికి బావ గదిలో ఉన్నాడు. మెత్తబడిన సైలో ఆయన వేళ్లకు అంటుకుని ఉంది. బల్ల మీద రెండు సీసాలనూ ఆయన ఎత్తి చూస్తున్నాడు. ఆయిలు సీసా నిండుగా ఉంది, తిన్నరు సీసా సగానికి తగ్గింది. పొద్దున పళ్లెంలో పోసింది ఆయనే. ఇక ఆయనకు వేరే ఏం తోస్తుంది.

“జ్వరంలో సీసా మార్చి పోసానురా,” అన్నాడు. “ముక్కు పనిచెయ్యట్లేదు, వాసన కూడా తెలియలా. నా చెయ్యే తప్పిపోయింది.”

నేను నోరు తెరిచాను. అదే సమయానికి మేనేజరుగారు వచ్చారు. ఆయన వెళ్లిపోయాక చెబుదామనుకున్నాను. ఆయన అరిచి వెళ్లాక, బావ మొహం చూసి, రేపు చెబుదామనుకున్నాను. ఆ రాత్రికే నాకు వేరే పని పడింది. ప్లంబింగు పైపు ముక్కకు సగం కోసిన ప్లాస్టిక్కు బంతి అతికించి, రంగు వేసి, నాలుగో సైలోగా నిలబెట్టింది నేనే. కొత్త యజమాని దాని ముందు పది నిమిషాలు నిలబడి, ఇది చేసినవాడెవడని అడిగి, నా చెయ్యి పట్టుకుని ఊపాడని ఇన్నాళ్లూ చెప్పాను. నిజానికి ఆయన వాచీ చూసుకుంటూ వచ్చి, బాత్రూము ఎటని అడిగాడు, నేను చూపించాను. మేనేజరుగారు మాత్రం భుజం తట్టారు. బావను గ్యారేజీలోంచి తీసి ప్యాకింగు ప్లాంటులో బస్తాలు లెక్కచూసే పనికి వేశారు.

పని పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. నాలుగేళ్ల తర్వాత ఆ మేనేజరు మారి, కొత్తాయన బావను తిరిగి గ్యారేజీకి రమ్మన్నారు కూడా. బావే వెళ్లలేదు. ఆయన చేతి మీద ఆయనకు నమ్మకం పోయింది. రేకు బస్సులను గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టేశాడు. ఒకసారి మా అక్క నాతో, “మీ బావ ఇంటికి సున్నం కూడా వెయ్యనంటన్నాడురా, ఏం కలుపుతానో ఏమోనంట,” అని చెబుతూ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. వాళ్లింట్లో సీసాలన్నిటి మెడలకూ దారాలు వచ్చాయి. కొబ్బరినూనెకు తెల్ల దారం, దగ్గు మందుకు పచ్చ దారం, ఫినాయిలుకు నల్ల దారం. తాగే నీళ్ల సీసాకు కూడా ఒకటి. వెళ్లినప్పుడల్లా ఆ దారాలు చూడలేక వెళ్లడం తగ్గించాను. ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలి నందిగామ వచ్చి పడ్డాక, ముప్పావుగంట బస్సు ప్రయాణం నాకు సముద్రమంత అయింది. అక్క పోయినప్పుడు వెళ్లాను, కుర్చీలు సర్దే వంకతో బావకు ఎదురుపడకుండా తిరిగి, వచ్చేశాను.

ఇదీ, లారీ క్యాబినును ముంచకుండా సీసా పట్టుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నం నాకు గుర్తొచ్చింది. బావకు ఎనభై దాటాయి. ఈ మాట చెప్పుకోవడానికి భూమ్మీద మిగిలిన మనిషి ఆయనొక్కడే, ఆయన చెయ్యి చెడ్డది కాదని చెప్పగలిగే మనిషిని నేనొక్కణ్ణే. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా ఆ మాట పోతుంది. ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కాను.

చిల్లకల్లు దాటి బస్సు పేట రోడ్డు పట్టేసరికి, చెట్ల ఆకుల మీద అదే బూడిద రంగు సిమెంటు దుమ్ము. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాను. బావ కూతురి దగ్గర ఉంటున్నాడు, మా మేనకోడలు అక్కడే స్కూలు టీచరు. చర్చికి బయల్దేరబోతూ తెల్ల చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్న బావ నన్ను చూసి, గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకున్నాడు. పక్కనే కిటికీలో మందు సీసాలు, మెడలకు దారాలు.

“ఏరా, దారి తప్పావా,” అన్నాడు.

కూర్చోకముందే చెప్పేశాను. కూడబలుక్కున్నదంతా పోయి ఏదో ఒకటి వచ్చింది. ఆ రోజు నువ్వు సరిగ్గానే పోసావు బావా, తిన్నరు పోసింది నేను, ఆయిలును సీసాలోకి వొంచింది నేను, నీ చేతి తప్పేం లేదు. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. వినడం అయ్యాక లోపలికి కేకేసి కూతుర్ని పిలిచాడు.

“అమ్మా, మీ మావయ్య సంగతి చూడు. బ్రేక్ ఆయిలు తనే కనిపెట్టానని ఊరంతా చెప్పుకున్నాడు, పోన్లే అనుకున్నా. ఇప్పుడు నా తప్పు కూడా తనదేనంట.”

“అబద్ధం కాదు బావా.”

“నువ్వు అబద్ధం అని చెప్పి ఏనాడన్నా ఆడావా?”

“ఈ ఒక్కటీ నిజం. ఒట్టు.”

“సీసాలు నింపింది నేను. నాకు జ్వరం. ఆయిలు సీసా నిండుగా ఉంది, ఈ కళ్లతో చూసా. ముప్పై ఏళ్లనుంచి రోజూ చూస్తన్నా దాన్ని.” గొంతు తగ్గించాడు. “మీ అక్క పోయే ముందు నీకేమన్నా చెప్పి పోయిందా? ఆయన బరువు దించమని?”

లేదన్నాను. ఆయన నమ్మలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, ఇంత దూరం ఆ మాట చెప్పడానికి వచ్చావా పిచ్చోడా, అన్నాడు. నా మీద జాలిపడుతున్నాడు. ఇక ఏం చెప్పినా దాన్ని ఇంకా పెంచడమే అవుతుంది. చచ్చేంత నిజం మోసుకుని వెళితే, నా పేరు చూసి గుమ్మంలోనే ఆపేశారు.

మేనకోడలు నన్ను గేటు దాకా సాగనంపింది.

“నిజమేనా మావయ్యా,” అంది.

నిజమేనన్నాను. ఆవిడ నమ్మింది, మొహంలో తెలిసింది. గేటు గడియను అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. “చిన్నప్పుడు స్కూలు డ్రాయింగు పుస్తకంలో రంగు వెయ్యమని నాన్న వెంట పడేదాన్ని. నా చెయ్యి మంచిది కాదమ్మా, పాడైపోద్ది అనేవాడు. చర్చికి టైమయింది మావయ్యా, వస్తా.” అంతే. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బస్సు దాకా నడవడం తేలికయ్యేది.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను, ఆ పై ఆదివారమూ వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ చెప్పాను. నేలమీద పళ్లెం పెట్టి, ఆయిలు ఎలా వొంచానో, చుక్క ఒలకకుండా సీసా మూతిని ఎలా ఆనించానో చేసి చూపించాను. బావ శ్రద్ధగా చూసి, బాగా అల్లావురా, ఇన్నేళ్లకు నీకు పనితనం వచ్చింది అన్నాడు. ఆయన మొహంలో వెలుగు మాత్రం పెరుగుతోంది. తన కోసం ఒక మనిషి వారం వారం బస్సెక్కి వచ్చి అబద్ధమాడుతున్నాడని ఆయన సంతోషం. ఆ సంతోషం పట్టలేక పాస్టరుగారికి చెప్పాడు.

నాలుగో ఆదివారం బావ బలవంతం మీద చర్చికి వెళ్లాను. మగవాళ్ల వైపు ముందు వరసలో, ఆయన పక్కన. ప్రసంగం మధ్యలో పాస్టరుగారు, మన మధ్య ఒక పెద్దాయన ఉన్నాడు, సొంత బావ తప్పును ఈ వయసులో తన మీద వేసుకుని, నేనే చేశానని అడగకుండా వచ్చి ఒప్పుకున్నాడు, తగ్గింపు మనసు అంటే అదీ, అన్నారు. ఎవరని అందరూ తలలు తిప్పారు. బావ నా వైపు చూపించాడు.

ప్రసంగం అయ్యాక సాక్ష్యాలు. ఇష్టమున్నవాళ్లు లేచి తమ జీవితంలో జరిగింది చెప్పుకునే సమయమది. నేను లేచాను. ఇంతమంది ముందు, అలాంటి చోట నిలబడి చెబితే ఎవరూ కాదనలేరని నా ఆశ. మైకు పట్టుకుని, అయ్యగారు చెప్పింది సరి కాదు, ఆ తప్పు మా బావది కాదు, నాదే, నిజంగా నాదే, నా మాట నమ్మండి, అన్నాను. సీసాల సంగతి ఇంకా ఎత్తనేలేదు. ఆడవాళ్ల వైపు నుంచి స్తోత్రం అన్నారు, మగవాళ్ల వైపు నుంచి ఆమెన్ అన్నారు. వెనక ఎవరో ముసలాయన ముక్కు చీదుకున్నాడు. పాస్టరుగారు నా చేతిలోంచి మైకు మెల్లిగా అందుకుని, చూశారా, ఇప్పటికీ బావ మీదకు రానివ్వట్లేదు, అన్నారు. మూడో వరసలో మా మేనకోడలు ఒక్కతే తల వంచుకుని కూర్చుంది.

నా జీవితంలో నేను ఒక్క మాట కూడా పెంచకుండా చెప్పింది ఇదొక్కటే, నన్ను అన్నిటికన్నా ఎక్కువ పెంచిందీ ఇదే. ఇప్పుడు పేటలో నాకు గౌరవం ఉంది. చర్చి బయట కుర్చీ వేస్తారు, టీ ముందు నాకిస్తారు, మంచాయన అంటారు. ఆ టీ తాగుతూ ఒకసారి బావను అడిగాను, ఆరు బస్సులూ అటక మీద ఉన్నాయా, దించి తుడుద్దామా, అని. నువ్వు చెయ్యి, నేను చూస్తా అన్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని.

ఆ ఫ్యాక్టరీ హాల్లో ఇప్పుడు అద్దాల పెట్టె లేదట. గోడకు పెద్ద టీవీ పెట్టారట, అందులో ఫ్యాక్టరీ గిర్రున తిరుగుతుందట, రంగు మార్చాలంటే ఒక మీట నొక్కితే చాలట. నానబెట్టేదేమీ లేదు, రుద్దేదీ లేదు. అమ్మే ప్రతి సీసా మీదా అది దేనికి పడుతుందో దేనికి పడదో అచ్చువేసి ఉంటోంది, ఒకరి ముక్కు మీద ఒకరు, ఒకరి చేతి మీద ఒకరు ఆధారపడాల్సిన అవసరం పోయింది. మంచిదే. ఒక గదిలో తలుపు వేసుకుని నాలుగు రోజులు ఇద్దరు మనుషులు ఒక పళ్లెం చుట్టూ కూర్చునే అవసరం కూడా దాంతోపాటే పోయింది. మన తరంలో తప్పు చేస్తే అది పక్కనున్న మనిషి చేతికి అంటుకునేది. దాన్ని తీసే ద్రవం ఏదో నేను ఇన్నేళ్లలో కనిపెట్టలేదు, ఈ మాటకు మాత్రం ఎవరూ సవరణ చెప్పనక్కర్లేదు.

ఆదివారం ఆదివారం వెళుతూనే ఉన్నాను. ప్రార్థన అయ్యాక జనం పల్చబడేదాకా ఆగి, బావ లేస్తాడు. చర్చి ముందు ఎనిమిది మెట్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంది. ఆయన కమ్మీని పట్టుకోడు, తన చెయ్యి జారిపోతుందని భయం. ముప్పై ఏళ్లుగా తన చేతిని నమ్మని మనిషి, ఒక్కొక్క మెట్టే దిగుతూ, నా చేతిని గట్టిగా పట్టుకుంటాడు.